తొమ్మిది ఓల్టుల పెట్టె

గిటారు కొన్నాక తెలిసింది, గిటారు ఒక్కటే కొంటే పనవదని.

1990ల మొదటి రోజులవి. విజయనగరంలో గిటారు పట్టినవాళ్లు తక్కువ. చర్చి కోయిర్లలో కొందరు, పెళ్లిళ్లకి వెళ్లే ఆర్కెస్ట్రాల్లో కొందరు, అంతే. ఊరు సంగీతానికి పెట్టింది పేరే. కానీ ఆ పేరు గాత్రానిదీ, ఫిడేలుదీ, వీణదీ, హరికథదీ. 1919లో మహారాజావారు పెట్టిన సంగీత కళాశాల, దాని మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, 1936లో ఆయన తరవాత ఆ కుర్చీలోకొచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు, అక్కడ చదువుకుని వెళ్లిన ఘంటసాల గారు. మా ఇంట్లో రోజూ ఎవరో ఒకరి పేరు వచ్చేది. మా అప్ప ఆ కాలేజీలోనే ఫిడేలు నేర్చుకునేది. దాసుగారికి మైకన్నదే అక్కర్లేదని, ఆయన కథ మొదలెడితే కోట అవతల గుర్రం కూడా చెవులు నిక్కించేదని మా తాతయ్య చెప్పేవాడు. గుర్రం సంగతి మేమెవరం నమ్మలేదు. గొంతు సంగతి మాత్రం నమ్మాం.

అలాంటి ఇంట్లోకి ఒక సెకండ్‌హ్యాండ్ గిటారు మోసుకొచ్చాను. కోయిర్‌లో వాయించే అబ్బాయికి ఉద్యోగం వచ్చి ఊరు వదిలి వెళ్తూ అమ్మేశాడు. అప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మెట్లున్నాయేటిరా, వీణకున్నట్టు! మరి మైనం లేదు, గమకం ఎలగ పలుకుద్ది?"

తీగని పక్కకి లాగి చూపించాను. "ఆఁ, పర్లేదు" అంది. మా అప్ప నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

ఆ గిటారు గుండ్రటి కన్నం మీద అడ్డంగా ఒక పికప్ బిగించి ఉంది. అయస్కాంతం మీద జుట్టు కన్నా సన్నని రాగి తీగ వేల చుట్లు చుట్టిన ముక్క. పైన స్టీలు తీగ కదిలితే ఆ చుట్టలో అతి చిన్న కరెంటు పుడుతుంది. దాన్ని పెద్దది చేసే పెట్టె ఉంటేనే ఆ పికప్‌కి అర్థం. అమ్మినబ్బాయి "ఇది ఫ్రీ" అంటూ నవ్విన నవ్వు నాకు తరవాత అర్థమైంది. విశాఖపట్నంలో మ్యూజిక్ షాపులో చిన్న గిటార్ ఆంప్ ధర అడిగి, ఇంకేమీ అడగకుండా మెట్లు దిగిపోయాను. నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవారు. ఆ ధర ఆయన దగ్గర ఎత్తితే వచ్చే జవాబు నాకు ముందే తెలుసు.

అదే రోజు జగదాంబ సెంటర్ దగ్గర ఒక సందులో ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టు కనబడింది. గాజు పెట్టెలో రకరకాల కిట్లు వేలాడదీశాడు. మ్యూజికల్ బెల్లు, వాన నీటి అలారం, దీపావళికి పరిగెత్తే లైట్లు. వాటి మధ్య ఒక పాలిథిన్ సంచి, దానికి పిన్ను కొట్టిన అట్ట మీద మినీ ఆడియో ఆంప్లిఫయర్ అని ఉంది. వంద రూపాయల లోపే. గిటారు అన్న మాట ఎక్కడా లేదు. "గిటారుకి పనిచేస్తుందా?" అంటే కొట్టాయన "సౌండు సౌండే కదండీ" అన్నాడు. ఆ మాట ఎంత అబద్ధమో తరవాత చెప్తాను.

పాసింజర్ బండిలో తిరిగొస్తూ సంచి విప్పి ఒళ్లో పోసుకున్నాను. అరచేతిలో పట్టే గోధుమ రంగు బోర్డు, కింద రాగి దారులు. ఎనిమిది కాళ్ల నల్ల ఐసీ ఒకటి, అంటే ఆంప్లిఫయర్ అంతా లోపలే ఇమిడిపోయిన చిప్పు, దాని మీద ఎల్‌ఎం386 అని సన్న అక్షరాలు. అది కూర్చునే సాకెట్టు. నాలుగైదు రెసిస్టర్లు, కొన్ని కండెన్సర్లు, ఒక వాల్యూమ్ కంట్రోలు, తొమ్మిది ఓల్టుల బ్యాటరీకి తగిలించే క్లిప్పు, మూడంగుళాల స్పీకరు. సైక్లోస్టైల్ చేసిన కాగితం మీద సర్క్యూట్ బొమ్మ, ఇంగ్లీషులో పది వాక్యాలు. ఎదురుగా కూర్చున్నాయన "ట్రాన్సిస్టరు పాడయిందేటి బాబూ?" అని జాలిగా అడిగారు.

గంటస్తంభం దగ్గరలో ఒక రేడియో రిపేరు షాపు ఉండేది. అందులో ఉండే ఆయన్ని మా వీధి పిల్లలందరం బాబాయ్ అనే వాళ్లం. సోల్డరింగ్ ఐరన్ అరువడగడానికి వెళ్లాను. ఆయన బోర్డుని కళ్లజోడు పైకెత్తి చూశారు.

"ఐరన్ ఇస్తాను గానీ, పేస్టు వాడకు. పేస్టులో యాసిడ్ ఉంటాది. అప్పుడు బాగానే అతుకుద్ది, ఏడాది పోయాక రాగిని తినేస్తాది. రోజిన్ ఉందా?"

రోజిన్ అంటే తెలీదన్నాను.

"మీ అప్ప ఫిడేలు నేర్చుకుంటంది కదేటి. కమానుకి రాస్తాది సూడు పచ్చగా, గాజు ముక్కలాగ. అదే రోజిను."

నిజంగానే అదే. పైన్ చెట్టు జిగురుని మరిగించి తైలం తీసేశాక మిగిలేది. కమాను వెంట్రుకలకి రాస్తే అవి తీగని పట్టుకుని లాగుతాయి, అందుకే ఫిడేలు పలుకుతుంది. కాలే రాగి మీద పెడితే పైనున్న మకిలిని కరిగించి సీసాన్ని అతుక్కోనిస్తుంది. ఒకే జిగురు, ఫిడేలు పెట్టెలోనూ రేడియో షాపులోనూ. ఆ రోజు నుంచీ నాకు విజయనగరం అంటే ఆ జిగురే గుర్తొస్తుంది.

అప్పని ఒప్పించడం మాత్రం సర్క్యూట్ కన్నా కష్టమైంది. ఆమె రోజిన్ మద్రాసు నుంచి తెప్పించింది. గుడ్డలో చుట్టి దాచేది. అడగ్గానే "నీ కుంపట్లో పడీడానికా?" అంది. చివరికి అంచు విరిగి రాలిన పొడి, ముక్కలు అగ్గిపెట్టెలో పోసి ఇచ్చింది. బదులుగా ఆమె ఫిడేలు పెట్టె తాళం బాగు చేయించాలి. బేరం అంటే మా ఇంట్లో అప్పదే.

వీధరుగు మీద చాప వేసుకుని పని మొదలుపెట్టాను. ఐరన్ మొన రోజిన్ ముక్కని తాకగానే తెల్లటి పొగ లేచి ఇల్లంతా పట్టేసింది. అమ్మ వంటింట్లోంచి "ఏటి కాలస్తన్నావురా, పండగేటి ఇవాళ?" అంది. బాబాయ్ చెప్పిన సూత్రం ఒక్కటే. సీసాన్ని వేడి చెయ్యకు, రాగినీ కాలునీ వేడి చెయ్యి, సీసం అదే వచ్చి పడుకుంటుంది. అతుకు మెరవాలి. మసగ్గా, గరుగ్గా ఉంటే అది పైకే పట్టింది, లోపల వదిలేసింది. అలాంటి అతుకులున్న రేడియో తట్టితే పాడుతుంది, మళ్లీ తట్టితే మానేస్తుంది. ఆయన షాపుకి వచ్చే కేసుల్లో సగం అవేనని చెప్పేవారు.

ముందు పొట్టివి, తరవాత పొడుగువి. రెసిస్టర్ల మీద రంగుల చారలు అప్ప చదివేది. కుతూహలం ఆమెకీ లేకపోలేదు, ఒప్పుకునేది కాదు గానీ. "గోధుమ, నలుపు, నలుపు" అంటే పది ఓములు. దానికి తోడు ఒక చిన్న కండెన్సరు, రెండూ కలిసి స్పీకరు కాలు దగ్గరనించి గ్రౌండుకి, అంటే బ్యాటరీ మైనస్ వైపుకి, వెళ్తాయి. అవి లేకపోతే ఐసీ మన చెవికందని ఎత్తులో తనలో తనే కీచులాడుకుని వేడెక్కిపోతుంది. పెద్ద కండెన్సర్లకి మైనస్ వైపు చార ఉంటుంది, తిరగేస్తే పేలుతుంది. ఐసీకి ఒక కొస గాటు. ఆ గాటుని సాకెట్టు గాటుకి కలిపి పెట్టాలి. అంతా అయ్యాక బోర్డుని వెనక్కి తిప్పి చూస్తే అతుకులన్నీ మెరుస్తున్నాయి. గిటారు వైరు తగిలించి బ్యాటరీ క్లిప్పు నొక్కాను.

"...వరిలో సుడిదోమ కనిపించిన వెంటనే పొలంలోని నీటిని తీసివేసి..."

నేనూ అప్పా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెట్టెలోంచి, అంటే ఇంకా పెట్టె కూడా లేదు, చాప మీదున్న మూడంగుళాల స్పీకరులోంచి ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం వ్యవసాయదారుల కార్యక్రమం చెబుతోంది. గిటారు తీగ మీటితే అది కూడా వస్తోంది, సుడిదోమ వెనకాల. నాన్న డ్యూటీ దిగి అప్పుడే గుమ్మంలోకి వచ్చారు. నిలబడి కాసేపు విని, "వంద రూపాయలకి రేడియో మంచి బేరమే" అని లోపలికి వెళ్లిపోయారు.

సంగతేంటంటే, గిటారుకి నేను తగిలించినది మామూలు వైరు. పొడుగ్గా వేలాడే మామూలు వైరు యాంటెన్నా పని చేస్తుంది. 927 కిలోహెర్ట్జ్ మీద విశాఖ స్టేషన్ మా వైపు బలంగా వచ్చేది. ఐసీలో మొట్టమొదటి ట్రాన్సిస్టరు ఆ తరంగాన్ని సగానికి కోసి లోపలి మాటని బయటికి తీసేస్తుంది, పాతకాలపు రేడియోలో డయోడ్ చేసే పనే. బాబాయ్ నవ్వి, డ్రాయరు లాగి, 471 అని రాసున్న పసుపు బిళ్ల కండెన్సరు ఒకటి నా చేతిలో వేశారు. నలభై ఏడు పక్కన ఒక సున్నా, అంటే 470 పికోఫారడ్‌లు. ఇన్‌పుట్‌కీ గ్రౌండుకీ మధ్య అది పెడితే రేడియో తరంగానికి అది దగ్గరి దారి, అటే పోతుంది. గిటారు స్వరానికి మాత్రం అది గోడ. "షీల్డు వైరు కూడా కావాలి, అది మాత్రం నా దగ్గర లేదు. మైకుసెట్టోడి దగ్గరికి పో" అన్నారు.

మైకుసెట్టు మావ దగ్గర షీల్డు వైరూ (లోపలి తీగ చుట్టూ రాగి జాలీ ఉండేది) ఉంది, గిటారుకి పట్టే పెద్ద జాకూ ఉంది. ఖాళీ మాత్రం లేదు. దసరా వెళ్లిపోయింది, మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఆ వారం విజయనగరంలో మైకుసెట్టు వాళ్లకి నిద్ర ఉండదు. మూడు లాంతర్ల నుంచి కోట దాకా స్తంభం స్తంభానికీ గొట్టం మైకులు కట్టాలి. "పండగయ్యాక రా" అన్నాడు. తరవాత నన్ను పైనించి కింద దాకా చూసి, "కాదు, ఇప్పుడే రా, వైర్లు పట్టుకుందూ గాని" అన్నాడు. అలా ఆ ఏడు సిరిమాను చూడ్డానికి వచ్చిన లక్షల మందిలో నేను నిచ్చెన కింద ఉన్నాను, వైరు చుట్ట భుజానికి తగిలించుకుని. సిరిమాను, అంటే పొడుగాటి మాను, దాని కొసన పూజారి కూర్చుని కోట ముందుకు వస్తుంటే జనం అరటిపళ్లు విసురుతారు. ఒకటి సరిగ్గా మావ ఆంప్లిఫయర్ మీద పడింది. ఆయన దాన్ని తుడిచి నోట్లో వేసుకుని "అమ్మవారి ప్రసాదం, సౌండు పెరుగుద్ది" అన్నాడు.

కూలి కింద షీల్డు వైరు, జాకు, వాటికి మించి ఒక ఆరంగుళాల స్పీకరు ఇచ్చాడు. ఏదో పాత టేప్‌రికార్డరు బాక్సులోంచి తీసింది. పెన్సిల్ సెల్లు ఒకటి దాని రెండు కొసలకీ తాకించి చూపించాడు. టక్‌మని అట్ట ముందుకొచ్చింది. మీటరు పెడితే ఆరున్నర ఓములు చూపిస్తోంది. ఎనిమిది అని కదా రాసుంది అంటే, "మీటరు చూపేది తీగ నిరోధమే. పాట మీద ఎనిమిదవుద్ది" అన్నాడు. ఆయన చదువు ఎంతో నాకు తెలీదు గానీ ఆ ముక్క తరవాత పుస్తకాల్లో చదివితే అలాగే ఉంది.

ఆ స్పీకరు తగిలించాక జరిగింది నేను ఊహించలేదు. అదే ఐసీ, అదే బ్యాటరీ. ఇచ్చేది మహా అయితే అర వాటు. మూడంగుళాల స్పీకరులో దోమలా గునిసిన గిటారు ఆరంగుళాల దాంట్లో గది నింపేసింది. ఆంప్లిఫయర్ వాట్లని చూసి కొనేవాళ్లు స్పీకరు సంగతి ఎందుకు అడగరో నాకిప్పటికీ అర్థం కాదు.

పెట్టె కిరాణా కొట్టు టీపొడి పెట్టెతో చేయించాను. ఆ రోజుల్లో టీ పలచటి ప్లైవుడ్ పెట్టెల్లో వచ్చేది, అంచులకి రేకు కొట్టి. మా వీధి వడ్రంగి తాత అది చూసి మొహం చిట్లించాడు. "వాయిజ్జానికైతే పనస చెక్కుండాల. బొబ్బిలి వీణ పనసే కదేటి" అన్నాడు. వీణలో చెక్కే పలుకుతుంది, ఇందులో చెక్క పలక్కుండా ఉండాలి అని చెప్పాను. పది నిమిషాలు ఆలోచించాడు. తరవాత నాకు చెప్పకుండా లోపల మూలల్లో అడ్డ కర్రలు మేకులు కొట్టి, పలకని బిగించేశాడు. వెనక పలక సగమే పెట్టి మిగతా సగం తెరిచి వదిలాడు, అది నేను చెప్పిందే. ఇంటికి తెచ్చాక ముందు గుడ్డ ఏం వెయ్యాలన్నది సమస్య. అమ్మ పాత చీర ముక్క అంది. నాన్న ఏమీ అనలేదు. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ మిల్లులో నేసిన సన్న గోనె ముక్క ఒకటి మడిచి సంచిలో తెచ్చారు. "దీంట్లోంచి గాలి పోద్ది" అన్నారు. ఈ వ్యవహారంలో ఆయన కలగజేసుకోవడం అదే మొదలు. గోనె పీచు బాగా దువ్వి, జిగురు పెట్టి సాగదీసి అంటిస్తే, మ్యూజిక్ షాపులో చూసిన ఆంప్‌ల ముందు గుడ్డకి అదేం తీసిపోలేదు.

ఇక కొట్టాయన మాట. సౌండు సౌండే అన్నాడు కదా, కాదు. ఆ కిట్టు టేప్‌రికార్డరు కోసమో రేడియో కోసమో చేసింది. వాటి నుంచి వచ్చే సిగ్నలు దమ్మున్నది, ఎంత బరువైనా మోస్తుంది. గిటారు పికప్ అలాంటిది కాదు. వేల చుట్ల తీగ కాబట్టి దాని నిరోధమే చాలా ఎక్కువ. దాని ముందు పది కిలో ఓముల వాల్యూమ్ కంట్రోలు పెడితే పీక నొక్కినట్టే, సన్న స్వరాలు ముందుగా పోతాయి. నా గిటారు దుప్పటి కప్పుకుని వాయించినట్టుండేది. దీనికి మందు పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివే మా బావ దగ్గర దొరికింది. ఆ రోజుల్లో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసిన ప్రతి విద్యార్థికీ బీఎఫ్‌డబ్ల్యూ10 అంటే తెలుసు. చిన్న వెండి టోపీ, నాలుగు కాళ్లు, ఫెట్ ట్రాన్సిస్టరు. దాన్ని ముందర కాపలా పెట్టి, గేటు నుంచి, అంటే సిగ్నలు లోపలికెళ్లే కాలు నుంచి, గ్రౌండుకి ఒక మెగా ఓము రెసిస్టరు వేస్తే, పికప్ నుంచి అది దాదాపు ఏమీ తీసుకోదు, ఐసీకి మాత్రం దిట్టంగా అందిస్తుంది. బావ లెక్క కట్టి కాగితం మీద గీసిచ్చాడు, మేనమామ కొడుకు కాబట్టి ఊరికే కాదు, వేళాకోళంతో. అతుకు పెట్టి తీగ మీటగానే దుప్పటి తీసేసినట్టయింది. వేలి గోరు తీగకి తగిలిన చప్పుడు కూడా వినబడింది.

బావ ఇంకో దుర్మార్గం నేర్పాడు. ఆ ఐసీ మామూలుగా వచ్చిన సిగ్నల్ని ఇరవై రెట్లు చేస్తుంది. ఒకటో కాలుకీ ఎనిమిదో కాలుకీ మధ్య పది మైక్రోఫారడ్ కండెన్సరు పెడితే రెండొందల రెట్లు. గట్టిగా మీటిన గిటారు ఓల్టులో పదో వంతు ఇచ్చిందనుకోండి, ఇరవై రెట్లకి రెండు ఓల్టులు, హాయిగా ఉంటుంది. రెండొందల రెట్లకి ఇరవై ఓల్టులు కావాలి, బ్యాటరీలో ఉన్నదే తొమ్మిది. అందుకని తరంగం తల తెగిపోతుంది. తల తెగిన తరంగమే ఆ కరకర, సినిమా పాటల్లో హీరో బైకు మీద వస్తున్నప్పుడు వెనక వినిపించేది. దానికి స్విచ్ పెట్టి, ఒకవైపు సాధు, ఇంకోవైపు రౌడీ అని తెల్ల పెయింటుతో రాశాను. రౌడీ మొదటిసారి మోగినప్పుడు పక్కింటి మామ్మగారు "ఓలమ్మో, ఏటయిందే!" అంటూ వచ్చేశారు. అప్ప ఆ స్విచ్‌ని ఒక్కసారే వేసి, విని, వెంటనే కట్టేసి, "ఇది అపశ్రుతి కాదు, ఇంకేదో" అంది. కొంచెం ఆగి, మళ్లీ వేసింది.

బ్యాటరీల ఖర్చు తట్టుకోలేక ఎలిమినేటర్ తెచ్చుకున్నాను, బ్యాటరీ బదులు ఇంటి కరెంటుతో పనిచేయించే పెట్టె. బాబాయ్ మీటరు పెట్టి చూపిస్తే, తొమ్మిది అని రాసున్నచోట పదమూడు దాకా ఉంది. బరువు లేనప్పుడు చవక ఎలిమినేటర్లన్నీ అంతే. ఐసీకి అంత పెట్టకూడదు. నాబ్ ఆరు మీద పెట్టుకోమన్నారు. అది బాగానే ఉంది, కానీ స్పీకరులోంచి గిటారు ముట్టుకోకుండానే "మ్‌మ్‌మ్" అని హమ్మింగు. కరెంటు సెకనుకి యాభై సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఎలిమినేటరు లోపలి డయోడ్లు ఆ ఊపు రెండు వైపులనీ ఒకవైపుకి తిప్పుతాయి కాబట్టి వినబడేది వంద. నాకది రొద. అప్పకి కాదు.

ఆమె ఫిడేలు దించి చెవి ఒగ్గి వింది. పిచ్ పైపు ఊది చూసుకుంది. "ఐదు శ్రుతి" అంది. "ఐదుకి వెంట్రుక వాసి ఎక్కువ."

గిటారు ఆరో తీగ మీద మూడో మెట్టు నొక్కి మీటాను. అది ఐదు శ్రుతి షడ్జమం, గిటారు వాళ్లు జి అనేది, సెకనుకి 98 కంపనాలు. కరెంటు హమ్మింగు వంద. రెండూ కలిసినప్పుడు సెకనుకి రెండు సార్లు శబ్దం ఉబ్బి తగ్గుతోంది. ఆ అలలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అప్పకి ఆట దొరికింది. మధ్యాహ్నం సాధన ముందు ఒకసారి, సాయంత్రం దీపాలు పెట్టాక ఒకసారి ఎలిమినేటర్ వేయించి వినేది. కొన్నాళ్లకి ఒక మాట అంది. "సాయంత్రం దీని శ్రుతి దిగిపోతందిరా. రాత్రి ఏడున్నరకి సరిగ్గా ఐదు పలుకుతంది."

నేను నవ్వాను. బావ నవ్వలేదు. ఆ కాలంలో సాయంత్రం ఊళ్లన్నిట్లో దీపాలు వెలిగి బరువు పెరిగేసరికి దక్షిణాది గ్రిడ్ యాభై దగ్గర నిలవలేకపోయేది. నలభై తొమ్మిదికీ, అంతకన్నా కిందకీ దిగడం మామూలే. నలభై తొమ్మిదికి రెట్టింపు తొంభై ఎనిమిది. అంటే విద్యుత్తు బోర్డు ఇంజనీరు కంట్రోల్ రూములో మీటరు మీద చూసేదాన్ని మా అప్ప వీధి గదిలో కూర్చుని చెవితో చూస్తోంది. బావ ఆ తరవాత ఆమెని "లోడ్ డిస్పాచర్ గారూ" అని పిలిచేవాడు. కొన్ని సాయంత్రాలు ఆమె ఆ హమ్మింగునే తంబురాగా పెట్టుకుని వర్ణం వాయించింది. గ్రిడ్ ఇంకా దిగితే ఫిడేలు బిరడాలు తిప్పి తనూ దిగేది. ఇంత ఘోరం విజయనగరం సంగీత చరిత్రలో ఎక్కడా రాసి ఉండదు.

ఎలిమినేటర్ లోపల వెయ్యి మైక్రోఫారడ్ కండెన్సరు అదనంగా వేసి, గిటారు తీగలని గ్రౌండుకి కలిపాక హమ్మింగు చాలావరకు పోయింది. ఆ రోజు అప్ప గదిలోకొచ్చి "శ్రుతి తీసీసావేటి?" అని అడిగిన తీరుకి నాకు కొంచెం బాధ కూడా వేసింది.

ఆ ఆంప్ తరవాత చాలా చేతులు మారింది. ఒక ఆర్కెస్ట్రా గిటారిస్టు రిహార్సల్స్‌కని పట్టుకెళ్లి, కారు బ్యాటరీకి ప్లస్సు మైనస్సు తిరగేసి తగిలించాడు. ఐసీ పోయింది. సాకెట్టు పెట్టి ఉంది కాబట్టి పాతది ఊడపీకి కొత్తది గుచ్చడానికి ఒక నిమిషం పట్టింది. ఖర్చు టిఫిన్ ఖర్చంత కూడా లేదు. కిట్లు కట్టేవాళ్లు సాకెట్టు దండగ అని ఐసీని నేరుగా అతికేస్తుంటారు. వాళ్లతో నాకెప్పుడూ పేచీయే. నేను ఉద్యోగానికి వెళ్లిపోయాక గిటారు ఇచ్చేశాను, ఆ పెట్టె మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు.

ఇప్పుడది బొబ్బిలిలో అప్ప ఇంట్లో ఉంది. పిల్లలకి ఫిడేలు చెబుతుంది. ఎలక్ట్రానిక్ తంబురా శబ్దం చాలక దాన్ని ఈ పెట్టెకి కలిపి ఐదు శ్రుతి పెట్టుకుంటుంది. గోనె గుడ్డ మారలేదు, స్పీకరు మాత్రం ఒకసారి మార్చాం. పిల్లలు రౌడీ వైపు నొక్కకుండా స్విచ్ మీద ప్లాస్టరు అంటించింది. నేను వెళ్లినప్పుడల్లా బ్యాటరీ క్లిప్పు తుప్పు పట్టిందని నాకు ఐరన్ చేతికిస్తుంది. రోజిన్ మాత్రం అడిగితే ఇవ్వదు, ఇప్పటికీ రాలిన పొడే.